ఫోన్లు బుట్టలో పెట్టించిన మూడు ఆదివారాలు: ఒక టేబుల్ కేస్ స్టడీ

ఈ కేసు కడపలోని ఒక ఆట బృందానిది. రాయడానికి వాళ్లందరి అనుమతి తీసుకున్నాను. పేర్లు ఎక్కడా రాయలేదు. వృత్తులు, వయసులు కొద్దిగా మార్చాను. ఏ వీధి, ఎవరిల్లు అన్నది వదిలేశాను. జరిగింది మాత్రం జరిగినట్టే రాశాను, నేను తప్పు చేసిన చోటుతో సహా. నిజానికి ఆ తప్పు కోసమే ఈ కేసు రాస్తున్నాను.

పదేళ్లుగా నేను టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలు నడిపిస్తున్నాను. కొన్నేళ్లు బెంగళూరులో నడిపాను, ఊరికి తిరిగొచ్చాక కడపలో నడుపుతున్నాను. వేరే బృందాల్లో ఆట సాగకపోతే పిలుస్తారు. వెళ్లి కొన్ని వారాలు పక్కన కూర్చుని, చూసి, నాకు తోచింది చెప్తాను.

ఈ ఆట తెలియనివాళ్లకు రెండు మాటలు. ఒకరు కథ నడుపుతారు. వాళ్లను డీఎం (డంజన్ మాస్టర్) అంటాం. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని "నేను ఇట్ల చేస్తాను" అని నోటితో చెప్తారు. ఆ పని అవుతుందో లేదో పాచికలు, రూల్సు తేలుస్తాయి. ఇందులో మొట్టమొదట అచ్చయింది డంజన్స్ అండ్ డ్రాగన్స్, ఈ బృందం ఆడేదీ అదే. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చారు. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో ముఖ్యమైన పుస్తకాలు మూడు, అన్నీ కలిపితే వెయ్యి పేజీలకు దగ్గర. అందులో ఆటగాళ్ల పుస్తకం ఒక్కటే 320 పేజీలు. ఆట మధ్యలో సందేహం వస్తే ఈ పేజీల్లో వెతకాలి, లేదంటే ఫోనులోనో ల్యాప్‌టాప్‌లోనో వెతకాలి. ఎందులో వెతకాలన్న గొడవే నా దగ్గరికొచ్చింది.

బృందం

డీఎంతో కలిపి ఆరుగురు. ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు, ఒకరి మేడ మీది గదిలో. ఏడాదిన్నరగా ఆడుతున్నారు.

డీఎం ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ పని చేసుకునే అబ్బాయి, అంతా ల్యాప్‌టాప్‌లోనే. బ్యాంకులో పనిచేసే అన్న ఒకాయన ఉన్నాడు, అందరికంటే పెద్ద. అచ్చు పుస్తకం ఆయనది. డబ్బులు కూడబెట్టి కొని, అట్ట వేసి, పేజీలకు రంగు చీటీలు అంటించి దాచుకున్నాడు. డిగ్రీ నుంచి స్నేహితులైన ఇద్దరమ్మాయిలు ఫోనులో రూల్సు ఉండే యాప్ పెట్టుకుని ఆడతారు. నర్సు ఉద్యోగం చేసే అమ్మాయి ఒకతి, డ్యూటీ లేని వారాల్లో వస్తుంది. అందరిలోకి చిన్నవాడు డిప్లొమా చదివే పిల్లోడు, తెలుగు మీడియం నుంచి వచ్చాడు. వాడిది మాంత్రికుడి పాత్ర, నాలుగో లెవెల్.

వాళ్ల కథ నాకు చాలా నచ్చింది. అందరూ కలిసి కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలకు వెళ్లొచ్చారు. 3,229 మీటర్ల గుహ, లోపల సన్నటి దారులు, అన్నిటికంటే లోతున పాతాళగంగ. ఆ గుహల గురించి 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త రాశాడని డీఎం చదివి, అక్కడి నుంచి కథ అల్లాడు. ఒక సర్వేయరు గుహలోకి వెళ్లి తిరిగిరాలేదు. ఆయన నోట్‌బుక్‌లో సగం మ్యాపు దొరికింది, మిగతా సగం వీళ్లు వెతకాలి. మనం కాళ్లతో నడిచొచ్చిన చోట మన పాత్రలు నడవడం వేరే అనుభవం. "ఇక్కడ వంగి పోవాలబ్బా, గుర్తుందా" అని ఒకరంటే అందరి తలలూ ఊగేవి.

ఇంత మంచి కథ ఉండి కూడా ఆట సాగట్లేదు.

పిలుపు

డీఎం ఫోన్ చేశాడు. "అక్కా, ఫోన్ల వల్ల ఆట చెడిపోతాంది. ఒక ఫైటింగ్‌కి రెండు గంటలు పడతాంది. అన్న ఏమో పుస్తకమే చూడాలంటాడు, వీళ్లేమో యాప్ ఉండగా పుస్తకమెందుకంటారు. నువ్వొచ్చి ఏదో ఒకటి తేల్చక్కా." నర్సమ్మాయి రావడం తగ్గించేసిందనీ, ఆ ఇద్దరమ్మాయిల్లో ఒకతి కూడా మానేసేలా ఉందనీ చెప్పాడు.

ఈ మాటల్లో బాధ ఎంతో, నిర్ధారణ ఎంతో అప్పుడు నేను విడదీసి చూడలేదు. ఆట నెమ్మదించింది అన్నది బాధ. ఫోన్ల వల్ల అన్నది నిర్ధారణ. రెండూ ఒకే ఊపిరిలో చెప్పాడు, నేనూ రెండూ కలిపే తీసుకున్నాను.

మొదటి ఆదివారం: మూలన కూర్చుని చూశాను

నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుని, రూల్ కోసం ఆట ఆగిన ప్రతిసారీ ఒక గీత గీశాను, పక్కన టైము రాశాను. మూడు గంటల్లో 23 సార్లు ఆగింది. సాలీళ్లతో ఒక పోరాటం నాలుగు రౌండ్లకు (అందరి వంతూ ఒకసారి తిరిగితే ఒక రౌండ్) గంటా యాభై నిమిషాలు పట్టింది.

అందులో ఒక్కటి వివరంగా చెప్తాను. అమ్మాయిల్లో ఒకతి తన యోధురాలితో సాలీడును గట్టిగా పట్టేసుకుంటానంది. ఆటలో దీన్ని గ్రాపుల్ అంటారు. బ్యాంకు అన్న వెంటనే పుస్తకం తీశాడు. రంగు చీటీ ఉన్న పేజీ తెరిచి, కళ్లద్దాలు సర్దుకుని చదివాడు: పట్టుకునేవాళ్లు బలం రోల్ వెయ్యాలి, పట్టుబడేది కూడా వెయ్యాలి, ఎవరిది ఎక్కువైతే వాళ్లది గెలుపు. ఆ అమ్మాయి ఫోనులో చూసి "కాదన్నా, నేను రోల్ వెయ్యను. అది సేవ్ వెయ్యాలంతే" అంది. సేవ్ అంటే మీదికొచ్చినదాన్ని తప్పించుకోవడానికి వేసే రోల్. ఇద్దరూ చదివి వినిపించారు, ఇద్దరూ గట్టిగానే. డీఎం ల్యాప్‌టాప్‌లో వెతికితే మూడో జవాబు దొరికింది. పదకొండు నిమిషాలు.

ఆ పదకొండు నిమిషాలూ నేను డిప్లొమా పిల్లోణ్ని చూస్తూ ఉన్నాను. తర్వాతి టర్న్ వాడిదే. ఇరవై ముఖాల పాచిక అప్పటికే చేతిలోకి తీసుకున్నాడు. మొదట దాన్ని గుప్పిట్లో ఆడించాడు. తర్వాత బొటనవేలితో ఒక్కో ముఖం తిప్పుతూ 20 అంకె పైకి తెచ్చి పెట్టుకున్నాడు. ఆ తర్వాత జేబులో నుంచి ఫోన్ తీసి బల్ల కింద పెట్టుకుని ఏదో చదవసాగాడు. టర్న్ వచ్చినట్టు రెండోసారి పిలిస్తే గానీ వినపడలేదు.

నా నోట్‌బుక్‌లో ఇలా రాసుకున్నాను: "బల్ల కింద ఫోన్. ధ్యాస పోయింది." నేను చూసింది నిజమే. దానికి నేను చెప్పుకున్న అర్థం తప్పు.

మొదటి నిర్ణయం: పుస్తకం మాత్రమే

ఇంటికెళ్లి ఆలోచించాను. నా లెక్క ఇదీ. అచ్చు పుస్తకం బల్ల మీద తెరిస్తే అందరికీ కనిపిస్తుంది. ఎవరు ఏం వెతుకుతున్నారో తెలుస్తుంది, పక్కవాళ్లు వేలు పెట్టి చూపించొచ్చు. ఫోనులో వెతికేది ఒక్కరికే కనిపిస్తుంది, మిగతావాళ్లు నోరు తెరుచుకుని కూర్చోవాలి. ఇంకొకటి, పుస్తకం నాలుగైదుసార్లు తిరగేస్తే ఏ రూలు ఎక్కడుందో చేతికి తెలిసిపోతుంది, "ఎడమ పేజీ, కింద, బాక్సు పక్కన" అని. వెతికిన రూలు పక్కనే దానికి సంబంధించిన రూలు కూడా కంటపడుతుంది. సెర్చ్ చేస్తే అడిగిన ముక్క ఒక్కటే వస్తుంది, చుట్టుపక్కల ఏముందో రాదు. పైగా ఫోనులో క్రికెట్ స్కోరు వస్తుంది, వాట్సాప్ వస్తుంది.

ఈ కారణాలన్నీ ఇప్పటికీ సరైనవే అనుకుంటున్నాను. నా సొంత టేబుల్‌లో ఐదేళ్లుగా ఇలాగే నడుస్తోంది, బాగానే నడుస్తోంది. నా టేబుల్‌లో అందరూ ఇంగ్లిష్ మీడియంలో చదువుకున్నవాళ్లే అన్న సంగతి మాత్రం ఆ రోజు నా లెక్కలోకి రాలేదు.

తర్వాతి వారం ఒక వెదురు బుట్ట తీసుకెళ్లాను. ఫోన్లన్నీ అందులో. డీఎం ల్యాప్‌టాప్ కూడా మూసేసి, రాక్షసుల వివరాలు కాగితం మీద రాసుకొచ్చేలా చేశాను. మూడు ఆదివారాలు ఇలా ఆడదాం, తర్వాత చూద్దాం అన్నాను.

బుట్ట పెట్టిన మొదటి ఆదివారమే తేడా కనిపించింది. 23 కాస్తా 11 అయింది. డీఎం ముఖం స్క్రీను వెనక నుంచి బయటపడింది, మనుషుల కళ్లలోకి చూసి కథ చెప్పాడు. రెండో ఆదివారం ఇంకా తగ్గింది. బ్యాంకు అన్న ముఖం వెలిగిపోయింది. నేనూ చాలా సంతోషపడ్డాను, కేసు అయిపోయిందనే అనుకున్నాను.

మూడో ఆదివారం చివర్లో నా గీతల నోట్‌బుక్ మొదటి నుంచి తిరగేశాను. రూలు కోసం ఆగినవే కాకుండా, ఎవరెవరు తమ టర్న్‌లో ఏం చేశారో కూడా పొట్టిగా రాసుకునే అలవాటు నాకుంది. డిప్లొమా పిల్లోడి వరసలో మూడు వారాలుగా ఒకటే మాట: ఫైర్ బోల్ట్. ఫైర్ బోల్ట్. ఫైర్ బోల్ట్. నిప్పు ముక్క విసరడం, పది ముఖాల పాచిక వెయ్యడం, కూర్చోవడం. బుట్ట రాకముందు చూసిన ఆ ఒక్క ఆదివారంలో వాడు మూడు వేరే స్పెల్స్ (మంత్రాలు) వాడాడు. మిస్టీ స్టెప్‌తో సాలీడు గూడు దాటి అవతలికి మాయమై వెళ్లింది వాడే.

మెట్లు దిగుతుంటే అడిగాను, ఎందుకురా ఒకటే వాడుతున్నావని.

"ఏం లేదక్కా. ఇదొక్కటే బాగా గుర్తుంటాది."

ఇంకొంచెం అడిగితే చెప్పాడు. స్పెల్స్ ఉన్న పేజీలను ఫోనులో ఫొటోలు తీసుకున్నాడు. ఒక్కో వాక్యం తెలుగులోకి మార్చుకుని, తన టర్న్ వచ్చేలోపు బల్ల కింద నెమ్మదిగా చదువుకునేవాడు. మొదటి వారం నేను "ధ్యాస పోయింది" అని రాసుకున్నది అదే. వాడు ఆట మీద అందరికంటే ఎక్కువ ధ్యాస పెట్టి ఉన్నాడు ఆ నిమిషంలో. మరి పుస్తకం అడిగి తీసుకోవచ్చు కదా అన్నాను. "అడిగితే అన్న ఇస్తాడక్కా. కానీ అందరూ చూస్తాంటే ఇంగ్లిష్ కూడబలుక్కుని చదవాల. నాకు తెలిసేలోపల టైమైపోతాది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆట వేగం పెంచడానికి నేను ఒక పిల్లోడి నోరు మూయించాను. నా 11 గీతల్లో వాడు అడగకుండా మింగేసిన ప్రశ్నలు లేవు. అడగనివాటికి గీత గీయలేం కదా.

ఇంకోటి కూడా అప్పుడే గమనించాను. పుస్తకం ఒకటే కాబట్టి అది ఎవరి చేతిలో ఉంటే తీర్పు వాళ్లది. బ్యాంకు అన్న కావాలని పెత్తనం చేసే మనిషి కాదు, చాలా మంచాయన. అయినా అందరూ ఆయన వైపే తిరిగి "అన్నా, చూడన్నా" అని అడగడం మొదలైంది. డీఎం చెప్పాల్సిన చోట కూడా ఆయన ముఖమే చూస్తున్నారు.

రెండో నిర్ణయం: అంతా కంప్యూటరే

తర్వాతి రెండు వారాలు పూర్తిగా ఎదురు దిక్కుకు వెళ్లాం. కారణాలు రెండు. పిల్లోడి ఫోను వాడి చేతికి తిరిగివ్వాలి, అది వెంటనే చెయ్యాలి. ఇంకొకటి, ఆ అమ్మాయిలిద్దరూ మూడు వారాలు నా మాట మీద బుట్టలో ఫోన్లు పెట్టారు, వాళ్ల పద్ధతికీ ఒక అవకాశం రావాలి. మ్యాపు టీవీలో. పాచికలు యాప్‌లో. దెబ్బలు, హిట్ పాయింట్లు (పాత్రకు ఎంత ప్రాణం మిగిలిందో చెప్పే అంకె) అన్నీ దాని లెక్కే.

ముందు మంచి చెప్తాను. కూడికలు తీసివేతలు ఎగిరిపోయాయి. ఎవరి వంతు తర్వాత ఎవరిదన్న గందరగోళం లేదు. పిల్లోడు మళ్లీ స్పెల్స్ వాడాడు. ఇదే బృందం రేపు ఒకరు హైదరాబాదులో, ఒకరు బెంగళూరులో అయిపోతే ఇదొక్కటే దారి, అందులో సందేహం లేదు. దూరాల్లో ఉన్న స్నేహితులు ఇలాగే ఏళ్లుగా ఆడుతున్న టేబుళ్లు నాకు తెలుసు.

ఆ గదిలో మాత్రం కుదరలేదు. ఎండాకాలం, కరెంటు పోయింది, దాంతో వైఫై పోయింది. మేడ మీద మొబైల్ డేటా తిరుగుతూనే ఉంది. నలభై నిమిషాలు అలా కూర్చున్నాం. అది మొదటి వారం. రెండో వారం కరెంటు ఉంది, అన్నీ సరిగ్గా నడిచాయి, అప్పుడే నాకు అసలు కష్టం కనిపించింది. స్క్రీను మీద బటన్ లేని పనిని ఎవరూ చెయ్యట్లేదు. కొన్ని వారాల ముందు ఇదే బృందం గుహ పైకప్పు నుంచి వేలాడే సున్నపురాయి కొమ్ముకు తాడు కట్టి ఊగుతూ అవతలికి వెళ్లింది. అది ఏ రూల్లోనూ లేదు, నోటితో పుట్టింది. ఇప్పుడు అందరూ ముందున్న జాబితాలోంచి ఒకటి నొక్కుతున్నారు. ఆట వేగంగా వెళ్తోంది. అయినా గది నిశ్శబ్దంగా ఉంది.

ముడి ఎక్కడ విప్పుకుంది

ఆ రెండో వారమే, ఏడు గంటలు కావస్తుండగా, నర్సమ్మాయి పాత్ర దెబ్బ తిని పడిపోయేలా ఉంది. మందు సీసా తాగి, అదే టర్న్‌లో దాడి కూడా చేస్తానంది. యాప్ ఒప్పుకుంది. బ్యాంకు అన్న ఒప్పుకోలేదు. "పోషన్ తాగితే యాక్షన్ అయిపోతాది మ్మా. ఇంగ దాడి యాడుంది?" పుస్తకం తెరిచి ఆ లైను కింద వేలు పెట్టాడు. నర్సమ్మాయి ఫోను చూపించింది: బోనస్ యాక్షన్. ఒక టర్న్‌లో చేసే ముఖ్యమైన పని యాక్షన్, దానికి తోడుగా చేసుకోగలిగే చిన్న పని బోనస్ యాక్షన్.

ఈసారి నేను లేచి, ఆ ఫోను తీసుకుని, పుస్తకం పక్కన బల్ల మీద పెట్టాను. రెండిటి మొదటి పేజీలూ చూడండి అన్నాను. పుస్తకంలో 2014. యాప్‌లో ఉన్నవి 2024లో సవరించి వచ్చిన రూల్సు.

ఇద్దరూ నిజమే చెప్తున్నారు. మొదటి నుంచీ ఇద్దరూ నిజమే చెప్తున్నారు. మందు సీసా తాగడం 2014లో యాక్షన్, 2024లో బోనస్ యాక్షన్. గ్రాపుల్‌కు 2014లో రెండు వైపులా రోల్, 2024లో పట్టుబడేవాళ్ల సేవ్ మాత్రమే. మాటువేసి దాడి చేస్తే 2014లో దొరికిపోయినవాళ్లకు మొదటి టర్న్‌లో ఏమీ చెయ్యడానికి ఉండదు, 2024లో ఇనీషియేటివ్ రోల్ (ఎవరి వంతు ముందో తేల్చేది) మాత్రమే దెబ్బతింటుంది. అలసట లెక్క కూడా మారిపోయింది. అదే ఐదో ఎడిషన్‌ను సవరించారు కాబట్టి పేర్లన్నీ అవే, మాటల్లో మాత్రం వీటిని రెండు ఎడిషన్లు అనే అంటాను. ఇంటర్నెట్‌లో వెతికితే రెండు రకాలూ కలిసి వస్తాయి, ఏది ఏ ఏడాదిదో చూసుకునే ఓపిక ఆట మధ్యలో ఎవరికి ఉంటుంది?

ఇంటికెళ్లి మొదటి వారం 23 గీతల పక్కన రాసుకున్నవన్నీ మళ్లీ చూశాను. పద్నాలుగు చోట్ల గొడవకు కారణం ఇదే. గ్రాపుల్ దగ్గర ఇద్దరి జవాబులూ నా చేతిరాతతోనే ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి. రెండు ఎడిషన్లూ నాకు బాగా తెలుసు. మూలన కూర్చుని ఇద్దరి మాటలూ విని, రాసుకుని కూడా నేను పట్టుకోలేదు. ఫోనా పుస్తకమా అని అడిగారు, ఆ ప్రశ్నకే జవాబు వెతికాను. బుట్ట పెట్టాక గొడవలు సగమయ్యింది ఫోన్లు పోయినందుకు కాదు, గదిలో ఒకే ఎడిషన్ మిగిలినందుకు. సరైన ఫలితం తప్పు కారణంతో వస్తే ఎంత మోసపోతామో ఈ పనిలో నాకు అంత గట్టిగా ఎప్పుడూ తెలియలేదు.

ఆ సాయంత్రం బల్ల దగ్గర కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత బ్యాంకు అన్న, సాలీడు దగ్గర తనతో వాదించిన అమ్మాయితో "అయితే సాలీడు దగ్గర నువ్వు చెప్పింది కరెక్టేనమ్మా" అన్నాడు. "మీరు చెప్పిందీ కరెక్టే అన్నా" అంది. నెలల తరబడి ఒకరి మీద ఒకరికి కోపం ఉండింది. ఆయన దృష్టిలో ఆ పిల్ల చదవకుండా మాట్లాడుతుంది, ఆ పిల్ల దృష్టిలో ఆయన మొండి.

పనిచేసింది

ముందు ఎడిషన్ తేల్చుకున్నాం. పాత్రలన్నీ 2014 రూల్స్‌తో తయారయ్యాయి, పుస్తకమూ అదే, కాబట్టి 2014. మందు సీసా ఒక్కటి 2024 పద్ధతిలో ఉంచుకున్నారు, అందరికీ అదే నచ్చింది కాబట్టి. అది ఒక చార్టు మీద స్కెచ్ పెన్నుతో రాసి గోడకు అంటించారు.

తర్వాత కార్డులు. ఇది చెప్పడానికి నాకు చాలా ఇష్టం. 2014 రూల్స్‌లో ముఖ్యమైన భాగాన్ని ఎస్ఆర్‌డీ 5.1 (సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్) పేరుతో 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద విడుదల చేశారు. ఎక్కడిదో పేరు చెప్తే చాలు, ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, అనువాదం చేసుకోవచ్చు, పంచుకోవచ్చు. అంటే తెలుగులో రాసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. అందులో నుంచి ఎవరి పాత్రకు కావలసినవి వాళ్లు అరచేతిలో పట్టే కార్డుల మీద తెలుగులో రాసుకోవాలన్నాను. పిల్లోణ్ని మొదట రాయమన్నాను. వాడు ఫోనులో ముందే సగం పని చేసి పెట్టుకున్నాడు కదా. వాడి మిస్టీ స్టెప్ కార్డు ఇలా ఉంది:

"మిస్టీ స్టెప్. 2వ లెవెల్. బోనస్ యాక్షన్. నాకు కనిపించే ఖాళీ చోటికి 30 అడుగుల లోపల మాయమై పోతా. కనపడాల. గోడ అవతలికి కుదరదు."

పుస్తకంలోని ముఖ్యమైనదంతా ఇందులో ఉంది, "కనపడాల" అన్నది కూడా రెండుసార్లు. మిగతావాళ్లు అది చూసి తమవీ వాడి చేతే రాయించుకున్నారు. కొన్ని స్పెల్స్ నిలబడాలంటే మాంత్రికుడికి ఉండాల్సిన కాన్సంట్రేషన్ అన్న మాటకు తెలుగు ఏమిటని అరగంట వాదించుకున్నారు. "ఏకాగ్రత" అన్నది అన్న, "ధ్యాస" అన్నది పిల్లోడు. చివరికి ధ్యాసే నిలబడింది. "ధ్యాస స్పెల్ మీద ఉండగా దెబ్బ తగిలితే కాన్‌స్టిట్యూషన్ సేవ్. 10, దెబ్బలో సగం, ఏది ఎక్కువైతే కనీసం అంత రావాల." కాన్‌స్టిట్యూషన్ అంటే పాత్ర ఒంటి గట్టిదనం. సేవ్‌ను సేవ్ అనే ఉంచారు. జిరాక్స్ సెంటర్‌లో రెండో సెట్టు తీయించి డీఎంకు స్పైరల్ బైండింగ్ చేయించారు.

కార్డుల వల్ల నేను ఊహించనిది ఒకటి జరిగింది. సెర్చ్ అయినా, పుస్తకం వెనక సూచిక అయినా, ముందు ఆ ఇంగ్లిష్ మాట తెలిస్తేనే పనికొస్తుంది. గ్రాపుల్ అన్న మాట తెలియనివాడు దాన్ని ఎక్కడా వెతకలేడు. కార్డు మీద "గట్టిగా పట్టుకోవడం" అని ఉంటే ఆ పని ఒకటుందని మొదటిసారి తెలుస్తుంది. కార్డులొచ్చిన రెండో వారం పిల్లోడి మాంత్రికుడు ఒక గబ్బిలాన్ని పట్టుకోబోయాడు. రోల్ పడలేదు. కానీ ప్రయత్నించాడు.

ఫోన్ల మీద నిషేధం తీసేశాం. ఎవరిది వాళ్లు చదువుకోవడానికి ఎంతసేపైనా చూసుకోవచ్చు. తగువు తేల్చడానికి మాత్రం ఫోను తీయకూడదు. కార్డులో లేకపోతే, పుస్తకంలో ఒక్క నిమిషంలో దొరకకపోతే, డీఎం తనకు తోచింది చెప్పి ఆట ముందుకు తీసుకెళ్తాడు. ఆ సందేహాన్ని ఒక లాంగ్ నోట్‌బుక్‌లో నంబరు వేసి రాస్తారు. ఏడు గంటల తర్వాత టీ తాగుతూ ల్యాప్‌టాప్ తెరిచి నిదానంగా వెతికి, ఎడిషన్ చూసుకుని, జవాబు దాని కింద రాస్తారు. కంప్యూటర్ బాగా పనికొచ్చేది అక్కడ, పాచిక చేతిలో పట్టుకుని ఎవరూ ఎదురుచూడని చోట. మ్యాపులు గీసుకోవడానికి, కథ సిద్ధం చేసుకోవడానికి కూడా డీఎం అదే వాడతాడు.

నిమిషం అని ఎందుకు పెట్టాను? మొదటి వారం పిల్లోడి చేతిలో పాచిక ఎప్పటివరకు కదిలిందో గుర్తు చేసుకున్నాను. దాదాపు నిమిషం. ఆ తర్వాతే ఫోను తీశాడు.

ఎక్కడ కుదిరింది, ఎక్కడ కుదరలేదు

రెండు నెలల తర్వాత మళ్లీ వెళ్లి గీతలు గీశాను. ఆరు. ఐదు రౌండ్ల పోరాటం యాభై నిమిషాల్లో అయింది. ఈసారి అంకెలతో పాటు ఎవరు ఎన్ని రకాల పనులు చేశారో కూడా లెక్కపెట్టాను. ఇకమీదట ఏ టేబుల్‌కి వెళ్లినా అదే చేస్తాను, ఎవరు మాట్లాడట్లేదో ముందు చూస్తాను.

నర్సమ్మాయి తిరిగి క్రమంగా వస్తోంది. ఇద్దరమ్మాయిల్లో ఒకతి మాత్రం మానేసింది. తనకు యాప్‌తో ఆడటమే హాయిగా ఉంటుందట, ఇప్పుడు ఆన్‌లైన్‌లో వేరే బృందంతో ఆడుతోంది. అది తన ఇష్టం, అక్కడ సంతోషంగా ఉంది. డీఎం ఇప్పటికీ కంగారు పడితే ల్యాప్‌టాప్ మూత ఎత్తి దాని వెనక్కి వెళ్తాడు. దాన్ని బల్ల ముందు కాకుండా పక్క స్టూలు మీద పెట్టుకోమన్నాను, కొన్ని వారాలు పెడతాడు, కొన్ని వారాలు మర్చిపోతాడు. బ్యాంకు అన్నకు పుస్తకం మీద చెయ్యి వెయ్యకుండా ఉండటం కష్టంగానే ఉంది. అందుకే టీ టైములో నోట్‌బుక్ జవాబులు సరిచూసే పని ఆయనకిచ్చాం. ఆ పని ఎంతో శ్రద్ధగా చేస్తున్నాడు, పేజీ నంబర్లతో సహా.

మొన్న వెళ్లినప్పుడు కథ పాతాళగంగ లాంటి చోటికి చేరింది. పైనుంచి నీళ్లు పల్చటి తెరలా పడుతున్నాయి, అవతల సర్వేయరు సంచి ఉంది. పిల్లోడు మిస్టీ స్టెప్ కార్డు తీసి బల్ల మధ్యలో పెట్టాడు. "కనపడాల అని ఉంది కదన్నా. నీళ్లకు అవతల ఉండేది కనపడినట్టా, కానట్టా?" అన్నాడు, గట్టిగానే, అందరికీ వినిపించేలా. కార్డులో లేదు. బ్యాంకు అన్న పుస్తకం తెరిచాడు, నిమిషం అయిపోయింది, అక్కడా దొరకలేదు. అవతల వెలుగు ఏమన్నా ఉందా అని నర్సమ్మాయి అడిగింది. సంచి పక్కన దివిటీ ఇంకా ఆరలేదని డీఎం అన్నాడు.

నోట్‌బుక్‌లో 31వ నంబరు కింద ఇప్పుడు ఇలా ఉంది: "నీళ్లు పల్చగా ఉండి, అవతల వెలుగుంటే కనపడినట్టే. చీకటైతే కాదు." పిల్లోడి చేతిరాత. పక్కన పేజీ నంబరు రాసే చోట బ్యాంకు అన్న గీత గీసి, "మనదే" అని రాశాడు.